చదువు గంట ఎవరి ఖాతాలో రాయాలి?

మొన్న ఇంగ్లాండు నుంచి మా పెద్దమ్మ మనవరాలు ఫోన్ చేసింది. నాకు అక్క కూతురు అవుతుంది. ఆ రోజు గురువారం, అక్కడ మధ్యాహ్నం. ఆఫీసులో లేవా అంటే "ఇవాళ నాకు చదువు రోజు మామయ్యా, ఇంట్లోనే ఉన్నా" అంది. సెలవు పెట్టావా అన్నాను. "సెలవెందుకు? ఇదీ పనే కదా, జీతం వస్తుంది" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

ఇరవయ్యేళ్ల పిల్ల. పుట్టి పెరిగింది అక్కడే. స్కూలు చదువు అవగానే ఒక అకౌంట్స్ ఆఫీసులో డిగ్రీ అప్రెంటిస్‌గా చేరింది. వారానికి నాలుగు రోజులు పని, ఒక రోజు చదువు. డిగ్రీ ఫీజు ఒక్క పౌండు కూడా కట్టలేదు, అప్రెంటిస్ దగ్గర చదువు ఖర్చు వసూలు చేయకూడదని అక్కడ నిబంధన. ఆ చదువు కూడా జీతమిచ్చే గంటల్లోనే సాగాలి. మొదట్లో పనిగంటల్లో ఐదో వంతు అనేవారు, 2022లో దాన్ని వారానికి కనీసం ఆరు గంటలుగా మార్చారు.

ఫోన్ పెట్టేశాక ఆ ఆరు గంటలే నా బుర్రలో తిరిగాయి. నేను ఆర్టికల్స్, అంటే సీఏ చదువులో భాగంగా ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ, చేసిన మూడేళ్లలో అలాంటి ఆరు గంటలు ఎన్ని ఉన్నాయా అని లెక్కేసుకున్నాను. ఉన్నాయి. కానీ వాటికి డబ్బు ఎవరిచ్చారన్నది అప్పుడు నాకు తట్టలేదు. ఖాతాలు రాయడమే మన వృత్తి, ఈ ఒక్క ఖర్చు మాత్రం ఎక్కడా రాయం.

వెయ్యి రూపాయల కొలువు

2013 ఆగస్టులో గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి దగ్గర చేరాను. సీఏలో మధ్య మెట్టు పరీక్ష ఐపీసీసీ. అందులో మొదటి గ్రూపు అయింది, రెండోది మిగిలింది. బీకాం దూరవిద్యలో, దానికి సీఏ సంస్థకు ఫారం 112 పెట్టి అనుమతి తీసుకున్నాను. తెనాలి నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో సీజన్ టికెట్టు మీద వెళ్లి వచ్చేవాణ్ణి. బీకాం పుస్తకాలు చదివింది ఆ రైల్లోనే, అంతకు మించి వాటికి సమయం ఇవ్వలేదు.

స్టైపెండు నెలకు వెయ్యి. అప్పటి నిబంధనల్లో ఊరి జనాభాను బట్టి లెక్క ఉండేది. గుంటూరంత ఊరికి మొదటి ఏడాది కనీసం 750 రూపాయలు. అంటే మా సార్ కనీసం కంటే ఎక్కువే ఇచ్చారు. అందులో దొంగతనమేమీ లేదు, నిబంధనే అలా ఉంది.

మొదటి నెల కవరు తెచ్చి నాన్న చేతిలో పెడితే ఆయన రెండుసార్లు లెక్కపెట్టి, "ఫీజు తీసుకోకపోగా ఎదురు ఇస్తున్నారా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇంటర్ ఎమ్‌ఈసీకీ కోచింగుకీ లక్షలు కట్టిన మనిషి. ఆయన లెక్కలో నేను చేస్తున్నది చదువు. చదువు చెప్పేవాడికి మనం ఇవ్వాలి గానీ, వాడు మనకివ్వడం ఏమిటి?

అది ఇంగ్లాండులోని పాత తండ్రుల ఆలోచనే అని చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. ఆర్టికల్ క్లర్కు అన్న పేరు మనకు వచ్చిందే అక్కడి నుంచి. ఒకప్పుడు అక్కడ ఆఫీసులో చేరాలంటే కుర్రాడి తండ్రే ప్రిన్సిపల్‌కు, అంటే పని నేర్పే ఆఫీసు యజమానికి, ఎదురు సొమ్ము కట్టేవాడు. వాళ్లు ఆ పద్ధతి దాటి, చదువు రోజుకు జీతమిచ్చే దాకా వచ్చారు. మనం క్లర్కు తీసేసి అసిస్టెంటు అని పెట్టుకున్నాం. సొమ్ము కట్టడం పోయింది గానీ, దాని వెనకున్న లెక్క పోలేదు. నువ్వు నేర్చుకుంటున్నావు కాబట్టి ఆ ఖర్చు నీదే అన్న లెక్క.

నా ఖర్చు చూడండి. సీజన్ టికెట్టు, మధ్యాహ్నం భోజనం, జిరాక్సులు పోగా వెయ్యిలో ఏమీ మిగిలేది కాదు. ఇల్లు తెనాలిలో ఉంది కాబట్టి సరిపోయింది. మా బ్యాచ్‌లో పల్నాడు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉన్నవాడు ఒకడుండేవాడు. నా కంటే బాగా లెక్కలు వచ్చినవాడు. ఏడాదిన్నరకు మానేసి ఎరువుల కంపెనీలో అకౌంటెంటుగా చేరాడు. తెలివి చాలక కాదు, నెలకు ఇంకో మూడు వేలు లేక.

టిక్కీలు

అయితే ఇంతటితో ఆపి సార్‌ని దోషిని చేస్తే అబద్ధమవుతుంది. అందుకని కోల్డ్ స్టోరేజీ సంగతి చెప్పాలి.

రెండో ఏడాది వేసవి. మిర్చి మీద అప్పిచ్చిన ఒక బ్యాంకుకు స్టాక్ ఆడిట్. నన్నొక్కణ్ణే పంపారు. కోల్డ్ స్టోరేజీలంటే మాకు ఏసీలే. బయట నలభై రెండు డిగ్రీలు, లోపల నాలుగైదు. స్వెట్టర్ తెచ్చుకోవాలని ఎవరూ చెప్పలేదు. లోపల అడుగు పెట్టగానే ముందు చలి, వెంటనే దగ్గు. మిర్చి ఘాటు చలిలో తగ్గుతుందనుకుంటే పొరపాటే. చీకట్లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కప్పు దాకా పేర్చి ఉన్నాయి, ఒక్కో లాటుకు ఒక అట్టముక్క కట్టి, దాని మీద రైతు పేరు, రకం, సంఖ్య. తేజ, 341, బాడిగ.

ఆ పెద్ద లాటు ముందు నిలబడి అడ్డంగా 14, ఎత్తు 10 అని లెక్కపెట్టాను. గుమస్తా లోతు 9 అన్నాడు. 1,260. రిజిస్టర్లో 1,260. ఆకుపచ్చ పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. మా ఆఫీసులో ఏడాదికో రంగు, పోయినేడాది టిక్కు ఈ ఏడాది టిక్కుగా పొరబడకుండా. మిగతా లాట్లకూ ఇలాగే చేసి మూడింటికల్లా బయటపడి టీ తాగాను.

సాయంత్రం షీట్లు సార్ ముందు పెడితే ఆయన కళ్లద్దాల మీదుగా చూసి ఒకే మాట అడిగారు. "లోతు తొమ్మిదని ఎవరు చెప్పార్రా?"

"గుమస్తా చెప్పాడు సార్."

"మరి ఆ టిక్కు గుమస్తాని పెట్టమనకపోయావా?"

మర్నాడు మళ్లీ వెళ్లాను, ఈసారి నాన్న మంకీ టోపీ పెట్టుకుని. హమాలీని బతిమాలి లాటు పైకెక్కించాను. వెనక రెండు వరసల్లో పైన ఖాళీ. 36 టిక్కీలు లేవు. గుండె జారింది. పెద్ద మోసం పట్టేశాననుకున్నాను. గంటసేపు వెతికితే పక్క ఛాంబర్లో దొరికాయి, అదే రైతు పేరు అట్టతో. సరుకు జరిపారు, రిజిస్టర్లో ఎక్కించలేదు. అంతే.

మోసం లేదు కదా సార్ అంటే ఆయన కూర్చోమన్నారు. సత్యం కంప్యూటర్స్ దగ్గర మొదలుపెట్టారు. 2009 జనవరిలో రామలింగరాజు ఉత్తరం బయటపడ్డప్పుడు 5,040 కోట్లు లేని డబ్బును ఉన్నట్టు చూపించామని చెప్పుకొన్నారు కదా. ఆ డబ్బు ఉందా లేదా అని బ్యాంకును మనం నేరుగా అడిగి, జవాబు మన చేతికే తెప్పించుకోవడం అన్నది ఆర్టికల్ కుర్రాళ్లతో చేయించే విసుగు పని. "నీ లోతు తొమ్మిదీ అదే జాతిరా. చెప్పాల్సినవాడు కాకుండా ఇంకొకడు చెప్పాడు, నువ్వు రాసుకున్నావు" అన్నారు. ఆ తర్వాత ఆడిటింగ్ మాడ్యూల్ తీయించి, స్టాకు లెక్కింపు గురించిన పేజీలు నాతోనే చదివించి, ఒక్కో వాక్యానికీ ఆ ఏసీ గదిలో ఏది సరిపోతుందో చెప్పమన్నారు. ఎనిమిది దాటింది. రైలు పోయింది. సార్ ఇంట్లోంచి అమ్మగారు రెండుసార్లు ఫోన్ చేశారు. చివరికి ఆయనే స్కూటర్ మీద బస్టాండులో దింపారు.

ఆ గంటన్నరకు ఎవరు డబ్బిచ్చారు? బ్యాంకిచ్చే ఫీజు రిపోర్టుకు, నాకు చెప్పిన పాఠానికి కాదు. ఆయన ఇంటి సమయంలోంచి తీసిచ్చారు. నా వెయ్యిలో అది లేదు, ఆయన బిల్లులోనూ లేదు. నా చదువు మొత్తంలో నిజంగా నాటుకున్నవి అలాంటి గంటలే. మూడేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సార్‌కు తీరిక ఉన్నప్పుడు, ఓపిక ఉన్నప్పుడు, నేను సరైన తప్పు చేసినప్పుడు. మూడూ కలిసి రావాలి.

ఆడిటింగ్‌లో 37

తీరిక లేని కాలం గురించి కూడా చెప్పాలి.

2014లో నవంబరు పరీక్షకు ఐపీసీసీ రెండో గ్రూపు కట్టాను. సెప్టెంబరు 30తో ట్యాక్స్ ఆడిట్ల గోల అయిపోతుంది, అక్టోబరంతా చదువుకోవచ్చని లెక్క. ఆ జులైలో ట్యాక్స్ ఆడిట్ రిపోర్టుతో ఇచ్చే 3సీడీ ఫారం మార్చారు. ఆగస్టులో రిపోర్టుల గడువు నవంబరు 30 దాకా పొడిగించారు. ఆఫీసులో అందరూ పండగ చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను, వెర్రివాణ్ణి. గడువు పెరిగితే పని ముందే అయిపోదు, గడువు దాకా సాగుతుందని ఆ ఏడాదే తెలిసింది. పార్టీలు, అంటే మా క్లయింట్లు, కాగితాలు పట్టుకుని దసరా తర్వాత తీరిగ్గా వచ్చారు. పరీక్షకు నాకు పదకొండు రోజులు సెలవు దొరికింది.

ఫలితాల్లో ఆడిటింగ్‌కు 37. ఒక్కో పేపర్లో 40 రావాలి, మొత్తం మీద 50 శాతం. అకౌంట్స్ గట్టెక్కింది, కంప్యూటర్ల పేపరు కూడా గట్టెక్కింది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆడిటే చేసేవాడు ఆడిటింగ్‌లో తప్పాడు. మా మామయ్య ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పి నవ్విస్తుంటాడు.

అదేం విచిత్రం కాదు. పరీక్షలో నేను మా ఆఫీసులో చేసేది రాశాను. పుస్తకం ఏం చేయాలంటుందో అది రాయలేదు. ఆ రెండింటి మధ్య వంతెన కట్టే గంట ఆ మూడు నెలల్లో ఒక్కటి కూడా లేదు. పని చేస్తూ చదివితే ఒకదానికొకటి సాయపడతాయని అందరూ అంటారు. వాటంతటవి సాయపడవు. ఎవరో ఒకరు ఈ పని ఆ పేజీలో ఉంది చూడు అని చూపించాలి. ఆ చూపించడానికి సమయం పడుతుంది, సమయానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు రాయడానికి మా ఆఫీసులో ఖాతా లేదు.

రెండేళ్లా, మూడేళ్లా

2023 జులై నుంచి ఆర్టికల్స్ రెండేళ్లయ్యాయి. మా తరం వాళ్లు కూడిన చోటల్లా ఒకటే మాట, రెండేళ్లలో ఏం నేర్చుకుంటారని. నాకు ఈ వాదన మీద ఆసక్తి లేదు. మూడేళ్లూ ఓచర్లకు టిక్కులు కొట్టి వెళ్లినవాళ్లను చూశాను, ఎనిమిది నెలల్లో మనిషైనవాణ్ణీ చూశాను. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకో మార్పు. పాత పద్ధతిలో ఆఖరి ఆరునెలల్లో సీఏ ఫైనల్ పరీక్ష రాసుకునే వీలుండేది, సెలవులు కూడబెట్టుకుని నాలుగు నెలలు చదువుకునేవాళ్లం. అది కూడా మంచి ఏర్పాటేం కాదు, కానీ చదువు ఎంతో కొంత ఆఫీసు కాలంలోనే పడేది. ఇప్పుడు ఆర్టికల్స్ అయిపోయాక ఆరు నెలలు ఆగి పరీక్ష. పిల్లలకు ఊపిరి పీల్చుకునే సమయం దొరికింది, కాదనను. కానీ ఆ ఆరునెలలకు ఎవరి జీతమూ లేదు. ఆ పద్దు మొత్తం ఇంటి ఖాతాకు మార్చేశారు. కనీస స్టైపెండు పెంచారు కదా అంటారు. పెంచారు. అది పని చేసిన నెలలకు.

డమ్మీ ఆర్టికల్స్ గురించి మనవాళ్లు విద్యార్థుల్ని తిడుతుంటారు. పేరు ఒక ఆఫీసులో, మనిషి కోచింగులో. తప్పే, నేను సమర్థించను. కానీ చదువుకు పనిలో చోటు లేనప్పుడు, పరీక్ష తప్పితే ఏడాది పోతుందన్నప్పుడు, కుర్రాడు ఏది వదులుకుంటాడు? పని వదులుకుంటాడు. ఆఫీసుకూ అది లాభమే, స్టైపెండు మిగులుతుంది. ఇద్దరూ కలిసి ఒకే ఖర్చు ఎగ్గొడుతున్నారు, తిట్లు మాత్రం ఒక్కడికే.

నేనేమీ పవిత్రుణ్ణి కాను. మన ఆంధ్రప్రదేశ్ డిగ్రీల్లో 2020-21 బ్యాచ్ నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు కదా. రెండేళ్ల క్రితం ఒక బీకాం కుర్రాడు నా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ముందే నింపిన సర్టిఫికెట్టు, లాగ్ బుక్కు. "సార్, సంతకం, స్టాంపు చాలు. మీకేం ఇబ్బంది ఉండదు, మళ్లీ రాను" అన్నాడు. మళ్లీ రానన్న మాట భరోసాగా చెప్పాడు. తెలిసినవాళ్లు పంపారు, ఆ పూట పని ఎక్కువగా ఉంది, పెట్టేశాను. తొంభై రోజుల హాజరు, ఒక నిమిషంలో. అప్పుడు నాకు ఆ గుమస్తా గుర్తొచ్చాడు. లోతు తొమ్మిదన్నవాడు. తర్వాత వారం ఇంకొకడు వస్తే, వచ్చి కూర్చుని పని చేస్తేనే పెడతానన్నాను. సరే సార్ అని వెళ్లాడు. రాలేదు. వేరే ఎవరో పెట్టి ఉంటారు.

అక్కడా అంతేనా

ఇంగ్లాండు పద్ధతిని నెత్తికెత్తుకునే ముందు మేనకోడల్నే అడిగాను. ఆ చదువు రోజు నిజంగా చదువుతారా అని. నవ్వింది. "మామయ్యా, మేం గంటలకు లాగ్ రాయాలి. వీడియో పెట్టి వంట చేసుకుంటా, ఏడు గంటలని రాస్తా, కొన్ని వారాలు." పని ఎక్కువున్నప్పుడు చదువు రోజునే ఈమెయిళ్లు చూసే వాళ్లూ ఉన్నారట. అంటే జీతమిచ్చినంత మాత్రాన గంట చదువైపోదు. అక్కడ ఖాతా ఉంది, అందులో దొంగ పద్దులూ ఉన్నాయి.

ఇంకొకటి. అక్కడ ఈ డబ్బు ఎక్కడిదంటే, 2017 ఏప్రిల్ నుంచి ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థల మీద, దాటిన మొత్తంపై అర శాతం సుంకం వేస్తున్నారు. ఖాతా ప్రభుత్వం చేతిలో ఉంటే పెన్నూ వాళ్ల చేతిలోనే. 2026 జనవరి నుంచి పై స్థాయి, వాళ్ల లెక్కలో ఏడో స్థాయి, అప్రెంటిస్‌షిప్‌లకు కొత్తగా చేరేవాళ్లలో 22 ఏళ్లు నిండినవాళ్లకు డబ్బు ఆపేశారు. ఆ స్థాయిలో అకౌంటెన్సీదే పెద్ద వాటా. ఇరవై మూడేళ్ల స్నేహితురాలొకతె అలా ఆగిపోయిందని మా మేనకోడలు బాధపడింది.

మన దగ్గర అలాంటి సుంకం వేస్తే బ్రాడీపేటలోని ఒక్క ఆఫీసు కూడా దాని కిందికి రాదు. ఇద్దరు ఆర్టికల్స్, ఒక టాలీ అమ్మాయి, ఒక సార్. చిన్న రిటర్నుకు పార్టీ పదిహేను వందలిస్తే గొప్ప. ఆయన దగ్గరికెళ్లి వారానికో రోజు ఆర్టికల్‌కు జీతమిచ్చి చదివించండి అంటే, ముందు నా ఫీజు పెంచండి అంటారు. అది న్యాయమైన మాటే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మన దేశంలో అప్రెంటిస్‌ల నిబంధనలు మార్చినప్పుడు 2019లోనే డిగ్రీ అప్రెంటిస్‌కు కనీసం నెలకు 9 వేలని రాశారు. సీఏ ఆర్టికల్ విషయంలో మాత్రం అంత అంకె రాయడానికి వృత్తి మొత్తం జంకుతుంది. ఇంత ఖర్చు ఎవరూ భరించలేరంటే నమ్ముతాను. కానీ ఆ ఖర్చు ఇప్పుడు కూడా ఎవరో భరిస్తూనే ఉన్నారు. తెనాలిలో ఒక నాన్న భరించాడు, స్కూటర్ మీద దింపిన సార్ భరించారు, ఎరువుల కంపెనీకి వెళ్లిపోయిన ఆ కుర్రాడు మరో రకంగా భరించాడు. ముందు దాన్ని ఖర్చని ఒప్పుకుని పుస్తకంలో రాయాలి. ఎవరు కట్టాలన్న తగువు ఆ తర్వాతే మొదలవుతుంది, ఇప్పుడా తగువే లేదు.

ఇదంతా రాసేవాడివి నీ ఆఫీసులో ఏం చేశావని అడుగుతారు. నా దగ్గర ఇద్దరు ఆర్టికల్స్ ఉన్నారు. జూన్ నుంచి బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పని పెట్టకూడదనుకున్నాను. వాళ్లు ఆ వారం చేసిన పనిలో ఒకటి తీసుకుని, దానికి సంబంధించిన పేజీ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటాం. ఒక్కోసారి నాకే తెలియనివి వస్తాయి. ఆదాయం గుర్తింపు గురించి వాళ్లలో ఒక అమ్మాయి వేసిన ప్రశ్నకు ఇంటికెళ్లి చదువుకుని మర్నాడు చెప్పాల్సి వచ్చింది.

మా ఆఫీసులో గంటల లెక్కకు ఒక ఎక్సెల్ షీటు ఉంది, వరసకో పార్టీ పేరు. మొదటి బుధవారం సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి, "సార్, ఈ మూడు గంటలు ఏ పార్టీ కింద రాయమంటారు?" అంది. కాసేపు ఆలోచించి, అట్టడుగున కొత్త వరస వేసి మా ఆఫీసు పేరే రాయమన్నాను. జూన్‌లో పన్నెండు గంటలు పడ్డాయి. జులైలో తొమ్మిది. ఆగస్టులో ఆరు. సెప్టెంబరు వచ్చింది, ట్యాక్స్ ఆడిట్లు వచ్చాయి. ఆ వరసలో నెలంతా ఒక్క అంకె లేదు.